సొంతంగా పుస్తకం వేసుకుంటే: కొటేషన్‌లో కనిపించని లెక్కలు

పుస్తకం వేసుకోవాలనుకునే కొత్త రచయిత ఎవరిని కలిసినా ముందు అడిగేది "ఎంతవుతుందండీ?" అనే. హైదరాబాద్‌లో దీనికి జవాబు దొరకడం కష్టమేం కాదు. ఎన్ని పేజీలో, ఎన్ని కాపీలో చెబితే చాలు, ప్రెస్సువాళ్లు సాయంత్రానికల్లా కొటేషన్ వాట్సాప్‌లో పెట్టేస్తారు. కాగితం, కవరు, బైండింగు, లామినేషన్ అన్నీ అందులో వివరంగా ఉంటాయి. ఉండనివి మూడు. అచ్చుకు పోకముందు ఆ రాతను కూర్చుని చదివి లోటుపాట్లు చెప్పేదెవరు? అచ్చయి వచ్చిన కట్టలు పాఠకుడి చేతికి ఏ దారిన వెళ్తాయి? రేపు ఆ రచన మీద హక్కు ఎవరి పేరున ఉంటుంది? సొంతంగా పుస్తకాలు వేసుకుంటున్నవాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. వాళ్ల కష్టనష్టాలన్నీ దాదాపు ఈ మూడింటిలోంచే పుడుతున్నాయి. అచ్చు తేలికైపోయింది. దానికి ముందూ వెనకా ఉన్న పనిని ఒకప్పుడు చేసిపెట్టిన వ్యవస్థ చాలావరకు కనుమరుగైంది. అందుకే ఆ భారమంతా ఇప్పుడు రచయిత నెత్తిన పడింది.

ఆ పాత వ్యవస్థ ఎలా ఉండేదో కాస్త గుర్తు చేసుకోవాలి. కథ రాస్తే వారపత్రికకు పంపేవాళ్లు, తిరుగు టపాకు స్టాంపులు అతికించిన కవరు కూడా జతచేసి. అక్కడ ఒక సబ్ ఎడిటర్ దాన్ని చదివేవారు. నచ్చకపోతే తిరిగొచ్చేది. నచ్చితే కోతలు పడి, పేరు మారి, బొమ్మతో అచ్చయ్యేది. నవల అయితే సీరియల్‌గా వచ్చేది. దాన్ని విజయవాడ ప్రచురణకర్త పుస్తకంగా వేసేవాడు, ఆ పుస్తకం వీధి చివరి అద్దె లైబ్రరీకి చేరేది. రచయితకు దక్కే డబ్బు తక్కువే. కానీ వడపోత, ముద్రణ, పంపిణీ, పాఠకులు అన్నీ ఒకే దారిలో వరసగా ఉండేవి. ఆ దారి చాలాకాలంగా కుంచించుకుపోతూ వచ్చింది. అద్దె లైబ్రరీలను టీవీ సీరియళ్లు తినేశాయి. వారపత్రికలు ఒకటొకటిగా తగ్గాయి. 1978లో మొదలై నాలుగు దశాబ్దాలు నడిచిన 'విపుల', 'చతుర' 2021లో ఆగిపోయాయి. కథకూ నవలకూ ప్రతినెలా అంత చోటిచ్చిన పత్రికలు మూతపడటం కొత్తవాళ్లకు ఎంత నష్టమో అప్పట్లో మనం సరిగ్గా చర్చించుకోలేదని నా బాధ.

రాసేవాళ్లు మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగారు. గచ్చిబౌలిలో రెండు మీటింగుల మధ్య ఫోన్‌లో కథ రాసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతూ నోట్సు వెనక పేజీల్లో కవిత్వం రాసుకునే పాలమూరు కుర్రాడు, పిల్లలు బడికెళ్లాక ప్రతిలిపి యాప్‌లో రోజుకో భాగం పెట్టే గృహిణి, రిటైరయ్యాక ఊరి సంగతులు రాయడం మొదలెట్టిన టీచరు. వీళ్లెవరూ పత్రిక గడప దగ్గర ఎదురుచూడలేదు. నేరుగా పాఠకుల ముందే రాశారు. కొన్నాళ్లకు "ఇవన్నీ పుస్తకంగా వేయొచ్చు కదా" అని ఎవరో అన్నారు. అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది.

ఈ నగరానికి ఇది కొత్త కాదు

సొంతంగా వేసుకున్న పుస్తకం అంటే ఎవరూ వేయనిది అనే చిన్నచూపు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. నిజాం పాలనలో తెలుగు పుస్తకానికి రాజాదరణ లేని రోజుల్లో, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి ఆరుగురు యువకులు తమ కవితా సంపుటిని ఇదే నగరంలో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. దిగంబర కవుల మొదటి సంపుటి అది. తెలుగు కవిత్వంలో ఆ తర్వాత ఎంత కలకలం రేగిందో చెప్పనక్కర్లేదు.

వీటన్నిటినీ కలిపే అంశం ఒకటుంది. ఉన్న దారుల్లో చోటు దొరకని గొంతులు తమ దారి తామే వేసుకున్నాయి. ఇవాళ బంజారా తండా నుంచి, పాతబస్తీ గల్లీ నుంచి, బీడీలు చుట్టే ఇంటి నుంచి వస్తున్న కథలు కూడా ఆ వరసలోవే. నిజామాబాద్ జిల్లా యువకుడు రమేశ్ కార్తీక్ నాయక్ బంజారా జీవితం మీద రాసిన 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇలాంటి రచనలకు ఊపిరి పోస్తున్నది ఎక్కువగా పెద్ద సంస్థలు కాదు, చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా వేసుకునేవాళ్లు.

నాలుగు దారులు, ఒకే పేరు

చిక్కంతా ఇక్కడ మొదలవుతుంది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు పద్ధతులను మనవాళ్లు కలిపేసి 'సొంతంగా వేసుకోవడం' అంటున్నారు.

మొదటిది అచ్చంగా సొంతం. రచయితే డబ్బు పెట్టి, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేయించి, ప్రెస్సుకిచ్చి, 'ప్రచురణ' అన్నచోట తన పేరో ఇంటి పేరుమీద పెట్టుకున్న సంస్థ పేరో వేసుకుంటారు. కట్టలన్నీ ఇంటికొస్తాయి. హక్కులన్నీ ఆయనవే, తలనొప్పులూ ఆయనవే.

రెండోది చిన్న ప్రచురణ సంస్థ. హైదరాబాద్‌లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి ఒక దారి చూపింది. ఈ మధ్య కాలంలో ఆన్వీక్షికి, ఛాయా వంటివి కొత్తవాళ్లను వెతికి వేస్తున్నాయి. సంస్థ తన డబ్బు పెడితే అది ప్రచురణ. ఎంపిక ఉంటుంది, 'వద్దు' అనే మాట కూడా ఉంటుంది.

మూడోది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ప్యాకేజీ. రచయిత దగ్గర డబ్బు తీసుకుని, తమ సంస్థ పేరుతో పుస్తకం వేసి, ఇన్ని కాపీలు మీకు, ఇన్ని మాకు అనడం. ఇందులో తప్పేం లేదు, ఏం కొంటున్నామో రచయితకు తెలిసినంతవరకు. అక్కడ కొంటున్నది ముద్రణ సేవ. "మీ పుస్తకాన్ని ఎంపిక చేశాం, అభినందనలు" అని మొదలుపెట్టి మూడో పేజీలో బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చే ఉత్తరాలు చూసి పొంగిపోయిన యువకులను నేను చూశాను. ఎవరు డబ్బు పెడితే నష్టం వాళ్లది. నష్టం మీదైనప్పుడు అమ్మాలన్న తొందర అవతలివాళ్లకు ఉండదు. ఈ ఒక్క సూత్రం మనసులో పెట్టుకుంటే ఏ ఒప్పందాన్నయినా చదవొచ్చు.

నాలుగోది అడిగినప్పుడే అచ్చేసే పద్ధతి. బెంగళూరు పోతి.కామ్, చెన్నై నోషన్ ప్రెస్ లాంటివి ఈ సౌకర్యం ఇస్తున్నాయి. ఫైలు ఎక్కించి పెడితే, పాఠకుడు ఆర్డరిచ్చినప్పుడు ఒక్క కాపీ అచ్చవుతుంది. ఇంట్లో కట్టలు పేరుకోవు. కానీ ఒక్కో కాపీ ఖర్చు, వందల కాపీలు ఒకేసారి వేసే ఆఫ్‌సెట్ ముద్రణ కంటే ఎక్కువ, అందుకే వెల పెంచక తప్పదు. విదేశాల్లోనో దూరపు ఊళ్లలోనో పాఠకులున్నవాళ్లకు పనికొస్తుంది. కాచిగూడ షాపులో రెండొందలకు అమ్మాలంటే కుదరదు.

ముందుమాట రాసేవారు కాదు, ముందుగా చదివేవారు కావాలి

మొదటి రూపాయి ఎడిటర్‌కి పెట్టండి. నేను కొత్తవాళ్లకు ఎప్పుడూ చెప్పేది ఇదే, వాళ్లు ఎక్కువగా వినంది కూడా ఇదే. కవరు బొమ్మకు అయిదారు వేలు ఇవ్వడానికి సిద్ధపడేవాళ్లు, వాక్యాలు సరిచూసే మనిషికి రెండు వేలు ఇవ్వడానికి వెనకాడతారు. "మా ఫ్రెండు చదివాడండీ, చాలా బాగుందన్నాడు" అంటారు. స్నేహితుడు అలాగే అంటాడు.

తెలుగులో ఎడిటింగ్ స్థానాన్ని ముందుమాటలు ఆక్రమించాయి. ఒక పెద్ద కవి, ఒక విమర్శకుడు, ఒక ప్రొఫెసరు, ఒక సన్నిహితుడు. పది కథల పుస్తకంలో పాతిక పేజీలు పొగడ్తలే. అన్నీ పుస్తకం పూర్తయిపోయాక, మార్చడానికి వీల్లేని దశలో రాసినవి. ఆ పెద్దాయన దగ్గరికే మూడు నెలలు ముందు వెళ్లి, "సార్, ముందుమాట వద్దు, పెన్సిలుతో గీతలు పెట్టిన కాపీ ఇవ్వండి చాలు" అని అడిగి చూడండి. చాలామంది సంతోషంగా చేస్తారు. వాళ్లు నేర్చుకున్నదీ అలాగే.

ఫోన్‌లో పుట్టిన రచనకు ఈ పని ఇంకా అవసరం. ఫేస్‌బుక్ పోస్టుకు ఒక పద్ధతుంది. మొదటి రెండు వాక్యాల్లో పట్టేయాలి, చివర్లో కొసమెరుపు ఉండాలి, అయిదారు పేరాల్లో అయిపోవాలి. అలాంటివి నలభై ఒకచోట పెట్టి వరసగా చదివితే, నలభైసార్లు ఒకే మలుపు తిరిగినట్టుంటుంది. ఒకే నానమ్మ, ఒకే చెరువుగట్టు మళ్లీ మళ్లీ వస్తాయి. రోజుకో భాగంగా రాసిన సీరియల్‌లో ప్రతి భాగం చివరా ఉత్కంఠ, మర్నాడు మొదట్లో నిన్నటి కథ గుర్తుచేసే వాక్యాలు. పుస్తకంలో ఆ రెండూ పాఠకుణ్ణి విసిగిస్తాయి. లైకులు వచ్చాయి గనక యథాతథంగా వేసేయొచ్చనుకోవడం దగ్గరే చాలా మంచి రచనలు దెబ్బతింటున్నాయి. ఆ లైకులు అబద్ధం కాదు, అవి పోస్టుకు వచ్చినవి. పుస్తకానికి వాటిని మళ్లీ రాయాలి.

ఎడిటర్‌ను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉంది. తెలంగాణ రచయితలకు ఇది మరీ ముఖ్యం. 'పోయిండు' అని రాస్తే 'వెళ్లాడు' అని దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. యాస తప్పు కాదని తెలిసినవాళ్లే కావాలి. అయితే యాసలో రాసినప్పుడు రచయిత వైపు నుంచి ఒక క్రమశిక్షణ ఉండాలి. ఒక పేజీలో 'వచ్చిండు', ఇంకో పేజీలో 'ఒచ్చిండు', ఒకచోట 'ఏడికి', మరోచోట 'యాడికి' అని ఉంటే, అవి రెండు పాత్రల మాటలా లేక రచయిత చూసుకోలేదా అన్నది పాఠకుడికి తెలియదు. ఇలాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, తన పుస్తకంలో ఏ రూపం వాడాలో ముందే నిర్ణయించుకుంటే సగం ప్రూఫ్ పని తప్పుతుంది. కథ చెప్పే గొంతు ఏ భాషలో ఉండాలి, పాత్రల మాటలు ఏ భాషలో ఉండాలి అన్నది కూడా అప్పుడే తేలుతుంది. నా దృష్టిలో రచయితగా ఎదగడమంటే చాలావరకు ఇదే, తన భాష మీద తానే ఒక నిర్ణయానికి రావడం.

రెండు ఫైళ్ల కథ

బయటివాళ్లకు తెలియని ఒక సాంకేతిక చిక్కు తెలుగు పుస్తకాలకు ఉంది. రచయిత యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో రాస్తారు, ఫోన్ కీబోర్డుతోనో, లేఖిని అనే ఆన్‌లైన్ టైపింగ్ సాధనంతోనో. డీటీపీ ఆపరేటర్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. అను యూనికోడ్ కాదు. కాబట్టి రచయిత ఫైలును ముందు మార్పిడి చేయాలి. ఆ మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి. 'పార్క్‌లో' అని విడిగా నిలబడాల్సిన మాట 'పార్క్లో' అని అతుక్కుపోతుంది. కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. అందుకే వర్డ్ ఫైల్లో ఎంత శుభ్రంగా ఉన్నా, పేజీలయ్యాక మొదటి అక్షరం నుంచి మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే.

అసలు నష్టం తర్వాత బయటపడుతుంది. ప్రూఫుల్లో దిద్దుబాట్లన్నీ ఆపరేటర్ దగ్గరున్న అను ఫైల్లో జరుగుతాయి. రచయిత దగ్గరున్న యూనికోడ్ ఫైలు పాత తప్పులతో అలాగే ఉండిపోతుంది. రెండేళ్లకు ఈబుక్ చేద్దామనుకున్నప్పుడు, దిద్దిన ప్రతి యూనికోడ్‌లో లేదు, యూనికోడ్‌లో ఉన్నది దిద్దిన ప్రతి కాదు. మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికి ఆ ఆపరేటర్ కంప్యూటర్ మార్చేసి ఉంటే ఇక చెప్పేదేముంది! కాబట్టి రెండు జాగ్రత్తలు. ప్రతి దిద్దుబాటునూ మీ ఫైల్లో కూడా అదే రోజు చేయండి. పని ముగిసిన రోజే ఆపరేటర్ దగ్గర పీడీఎఫ్‌తో పాటు మూల ఫైలునూ తీసుకోండి, ఆ విషయం డబ్బు మాట్లాడేటప్పుడే చెప్పండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు చేసేవాళ్లు దొరికితే ఇంకా మేలు. మండలి, పొన్నాల, గిడుగు, ఎన్టీఆర్, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలాకాలంగా అందుబాటులో ఉన్నాయి. పుస్తకం లోపలి పేజీలకు వాటిలో కొన్ని చక్కగా నప్పుతాయి.

డబ్బు లెక్క

ఊహాలెక్క ఒకటి వేద్దాం. డెమ్మీ సైజులో 160 పేజీల కథల పుస్తకం, అంటే పదహారేసి పేజీల పది ఫారాలు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితం. 500 కాపీలు. ముద్రణ, బైండింగు 40,000 అనుకుందాం. కవరు బొమ్మకు 5,000, డీటీపీకి 4,000, ఎడిటింగుకూ ప్రూఫులకూ 11,000. మొత్తం 60,000. కాపీకి 120 రూపాయలు. వెల 200 పెట్టారు. "కాపీకి 80 మిగులుతుంది" అనుకుంటారు చాలామంది.

పంపిణీదారు, షాపు కలిసి వెలలో నలభై శాతం దాకా తీసుకుంటారు. అది అన్యాయం అనను, అద్దె, జీతాలు, అమ్ముడుపోని పుస్తకానికి ఇచ్చే చోటు అన్నీ అందులోంచే రావాలి. 200లో నలభై శాతం పోతే మీకొచ్చేది 120. అంటే 500 కాపీలూ షాపుల్లోనే అమ్ముడైనా మిగిలేది సున్నా. ఇక సమీక్షకులకు, వక్తలకు, బంధువులకు ఉచితంగా ఇచ్చినవి 60 కాపీలనుకుంటే 7,200 నష్టం. ఆవిష్కరణ సభ హాలు అద్దె, శాలువాలు, టిఫిన్లు ఇందులో కలపలేదు. ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికే. మీకొచ్చిన కొటేషన్ పెట్టి మళ్లీ వేసుకోండి, ఫలితం మాత్రం ఇదే ఛాయలో ఉంటుంది.

దీన్నిబట్టి తేలేది, నేరుగా పాఠకుడికి అమ్మిన కాపీలే పుస్తకాన్ని నిలబెడతాయి. ఫోన్ నంబరుకు డబ్బు పంపించి అడ్రసు వాట్సాప్ చేస్తే పుస్తకం పంపడం ఇప్పుడు మామూలైంది. ఇక్కడ తపాలా ఖర్చు కీలకం. చిన్న ప్రచురణకర్తలకు ఏళ్లుగా ఆసరాగా ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసినప్పుడు చాలామంది కంగారు పడ్డారు. 2025 మే 1 నుంచి దాని స్థానంలో 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా గరిష్ఠంగా 100 రూపాయలు, పన్నులు అదనం. పైన చెప్పిన 160 పేజీల పుస్తకం ప్యాకింగుతో కలిపి 300 గ్రాములు దాటదు. పుస్తకం సైజు, కాగితం మందం నిర్ణయించేటప్పుడే ఈ బరువు సంగతి చూసుకోవడం తెలివైన పని. అన్నట్టు, అచ్చు పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు.

ఎక్కడ అమ్మాలి అంటే, కాచిగూడ నవోదయ, విశాలాంధ్ర, నవచేతన, నవతెలంగాణ షాపుల్లో పుస్తకం కనబడటం ఎప్పటికీ అవసరమే. పుస్తకాల కోసమే వచ్చే పాఠకుడు వెళ్లేది అక్కడికే. ఎన్ని కాపీలు ఇచ్చారో రసీదు రాయించుకుని, మూడు నాలుగు నెలలకోసారి మర్యాదగా లెక్క అడగండి. అడగనివాళ్ల లెక్క ఎవరికీ గుర్తుండదు. ఏటా ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్ సొంత రచయితకు అన్నిటికన్నా పెద్ద సంత. దోమలగూడ వైపు ఆ పదిరోజులూ సాయంత్రాలు తెలుగు పుస్తకం కోసం జనం అలా బారులు తీరడం చూస్తే, పాఠకులు లేరనే మాట నోట రాదు. స్టాలు అద్దె ఒక్కరికి భారం. నలుగురైదుగురు రచయితలు కలిసి పంచుకుంటే సాధ్యమవుతుంది. వంతులవారీగా కూర్చుని ఒకరి పుస్తకం గురించి ఇంకొకరు చెబితే అమ్మకం బాగుంటుంది, తన పుస్తకం తాను పొగుడుకోవాల్సిన ఇబ్బందీ తప్పుతుంది.

ఆవిష్కరణ సభల గురించి ఒక మాట. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో, లామకాన్‌లోనో సభ పెట్టుకోవాలన్న కోరిక సహజం. అమ్మానాన్నలు ముందు వరసలో కూర్చుని చూసే రోజు అది, దాన్ని తక్కువ చేయను. కానీ ఏడుగురు వక్తలు తలో అరగంట మాట్లాడాక రచయితకు రెండు నిమిషాలు మిగిలే సభల వల్ల పుస్తకానికి ఒరిగేది తక్కువ. రచయిత తన కథలోంచి రెండు పేజీలు చదివి వినిపించాలి. పుస్తకం ముందే చదివి వచ్చిన ఇద్దరు మామూలు పాఠకులు మాట్లాడాలి. అలా జరిగిన సభల్లో బల్ల మీది పుస్తకాలు ఖాళీ అవడం నేను చూశాను.

తెర మీద

డిజిటల్ దారి గురించి వినిపించేంత ఆశాజనకంగా తెలుగు పరిస్థితి లేదు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగుకు ఆ అయిదింటిలో చోటు దక్కలేదు. ఇరుగుపొరుగు తమిళ రచయితలు కిండిల్‌లో సొంతంగా పుస్తకాలు పెట్టుకుని పాఠకులను సంపాదించుకుంటుంటే మనం చూస్తూ ఉండిపోయాం. తెలుగువాళ్లు నడిపిన కినిగె వంటి ఈబుక్ వేదికలు ఆ లోటును కొంత పూడ్చే ప్రయత్నం చేశాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వేలమంది తెలుగు ఆడవాళ్లకు రాసే చోటు ఇచ్చింది, ఇది చిన్న విషయం కాదు. కొన్ని రచనలకు పాఠకులు డబ్బు కట్టి చదువుతున్నారు కూడా. ప్రచురణకు ముందు విమర్శకుల కంటపడాలనుకుంటే 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' వంటి వెబ్ పత్రికలకు పంపడం మంచిది. అక్కడ సంపాదకులు చదివి సూచనలు ఇస్తారు, తిప్పి పంపుతారు కూడా. పాత వారపత్రిక బల్ల మీద జరిగిన పనిలో కొంత ఇప్పుడు ఇలాంటి చోట్లే జరుగుతోంది.

హక్కులు

ఒప్పందం అనగానే మొహమాటపడటం మనవాళ్ల అలవాటు. "అంత పెద్దాయన, కాగితం మీద రాసివ్వమని ఎలా అడుగుతాం?" అంటారు. చట్టం మాత్రం రచయిత వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్య రచనకు 500 రూపాయల రుసుముతో చేయించుకోవచ్చు. రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. దాన్ని ఇంకొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. నోటిమాటతో బదలాయింపు చెల్లదు. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, అది తిరిగి రచయితకే వస్తుంది.

కాబట్టి ఎవరిచ్చిన కాగితంలోనైనా చూడాల్సినవి ఎన్నేళ్లు, ఏ రూపాలు అన్నవి. అచ్చు పుస్తకానికి మాత్రమేనా? ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ కూడా అందులో కలిపేశారా? హైదరాబాద్‌లో సినిమా పరిశ్రమ పక్కనే ఉండి రాస్తున్నాం. మూడు వందల కాపీలు అమ్ముడైన కథకు కూడా ఒకరోజు ఫిలింనగర్ నుంచి ఫోన్ రావచ్చు. ఆ హక్కు ముద్రణ ప్యాకేజీతో పాటు పోయిందని అప్పుడు తెలిస్తే ఎంత బాధో ఊహించండి. ఇదే చట్టం మనల్నీ కట్టేస్తుంది. శ్రీశ్రీ 1983లో మరణించారు, ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. అభిమానంతోనే అయినా ఆయన గేయం మొత్తాన్ని మీ పుస్తకంలో అచ్చేయాలంటే అనుమతి తీసుకోవాలి. సినిమా పాటలకూ అంతే.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు విషయంలో మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పేరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికోసం ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. ఇంకొకరి కోటాలోని నంబరు మీ పుస్తకానికి వేస్తే, రికార్డుల్లో ప్రచురణకర్తగా వాళ్ల పేరే ఉంటుందని కూడా తెలుసుకోండి.

మరో పని చాలామంది సొంత రచయితలు చేయడం లేదు. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం ప్రచురించినవారు ముప్ఫై రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలి. నాలుగు జ్ఞాన్ పోస్టుల ఖర్చు. దాంతో ఆగకండి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి ఒకటి, 1901 నుంచి తెలుగు పుస్తకాన్ని దాచిపెడుతున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి ఒకటి, సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీకి ఒకటి ఇవ్వండి. కథల పుస్తకమైతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన కథానిలయానికి రెండు కాపీలు పంపండి. ఉచితంగా ఇచ్చిన ఆ 60 కాపీల లెక్కలో ముందు వీటినే రాసుకుని, సన్మానాలకూ సభలకూ ఇవ్వాల్సినవి ఆ తర్వాత చూసుకోవచ్చు.